ఎర్ర రంగు చిన్న ఇండ్లు, కింద ఉమ్మడి జాగ: స్వీడన్ వాళ్ళ ఈ కథ తెలిసినవాళ్ళు చెప్తరా?

ఏలేశ్వరం బిడ్డ:

అందరికీ నమస్తే. దేవరకొండ చుట్టుపక్కల సర్కారు బడుల్లో ముప్పై ఒక్క ఏండ్లు సోషల్ చెప్పి రిటైరైన మనిషిని. మా బిడ్డ కాన్పుకని అమెరికా వచ్చిన. షికాగోకు పడమర దిక్కున బటేవియాలో ఉంటున్నం. పక్కూరు పేరు జెనీవా. స్విట్జర్లాండ్‌ది కాదు, ఇల్లినాయి రాష్ట్రంలో ఫాక్స్ ఏటి ఒడ్డున ఉన్న చిన్న పట్నం.

పోయిన నెల ఒక ఆదివారం అక్కడి గుడ్ టెంప్లర్ పార్కులో స్వీడిష్ డే అని అల్లుడు తీసుకపోయిండు. నడుమ పొడుగు కట్టెకు ఆకులు, పూలు చుట్టి నిలబెట్టిన్రు. పిల్లలు, ముసలోళ్ళు చేతులు పట్టుకొని దాని చుట్టూ తిరుగుతున్నరు. అదంతా బాగనే ఉంది గానీ నా కండ్లు చెట్ల కిందున్న ఇండ్ల మీదనే ఉన్నయి. చిన్న చిన్న కట్టె ఇండ్లు. మన పాత పెంకుటిండ్ల ఒక అర్ర, దాని ముందర ఒక వసారా, అంతే. నేను నిలబడ్డ దిక్కు ఒక్క కంచె కనబడలేదు. ఎవరి జాగ ఎక్కడిదాకనో చూసి చెప్పలేం.

ఎర్ర రంగు వేసిన ఒక ఇంటి మెట్ల మీద ఎనభై దాటిన అవ్వ కూర్చొని, నా చీర చూసి దగ్గరికి పిలిచింది. మా బిడ్డ నడుమ ఉండి మాట్లాడిపిచ్చింది. ఆ ఇల్లు వాళ్ళ తాత సెలవు రోజుల్లో సొంత చేతులతో కట్టిండట. షికాగోలో వడ్రంగి పని చేసేటోడట. "ఇల్లు మాది, కింద భూమి మాత్రం అందరిదీ" అన్నది. ఆ మాటకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఎందుకో చెప్త. మాది ఏలేశ్వరం. నాగార్జునసాగర్ నీళ్ళ కింద ఉన్నది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ ఆనకట్టకు పునాదిరాయి వేసిన నాటికి నేను పుట్టలేదు. 1967లో కాలువలకు నీళ్ళు ఇడిసిన నాటికి నాకు అక్షరాలు వచ్చు, ఊరు లేదు. ఇండ్లు కొలిచిన్రు, చెట్లు లెక్కపెట్టిన్రు, ఎవరి పైకం వాళ్ళ చేతికి వచ్చింది. మా నాయిన పైకం రెండేండ్లు ఆగలేదు, సారా దుకాణంల పోయింది. నాయిన చెడ్డోడు కాదు. ఊరు పోయింది, చేతిల నాగలి లేదు, పొద్దు పోయేది కాదు. మా అమ్మ చెవుల కమ్మలు అమ్మి పెద్దవూరల రెండు గుంటల జాగ కొన్నది. అందుల పెరిగినం. తక్కిన ఊరోళ్ళు చెట్టుకొకరు పుట్టకొకరు అయిన్రు: హాలియా, దేవరకొండ, ఏటి అవతల మాచర్ల, కొందరు హైదరాబాద్. శివరాత్రికి మాత్రం లాంచీల్లో ఏలేశ్వరం గట్టుకు పోతం. మల్లన్నకు దండం పెట్టుకొని, గట్టు మీదికెల్లి నీళ్ళ దిక్కు వేలు చూపి, "గాడ మా ఇల్లు" అని పిల్లలకు చెప్పి, పొద్దుగూకకముందే మళ్ళి వస్తం.

ఇప్పుడు ముప్పై ఎనిమిది కుటుంబాలం ఒక వాట్సాప్ గ్రూపుల ఉన్నం. సాగర్ దగ్గర తలా ఇంత వేసుకొని మూడెకరాలు కొనాలె, చిన్న ఇండ్లు వేసుకోవాలె, ఎండకాలం సెలవుల్ల మనుమలు మనుమరాండ్లతోని పది రోజులు ఒక్కకాడ ఉండాలె అని రెండేండ్ల నుంచి మాట. ప్రతిసారి ఒక్కకాడనే ఆగుతది. "ప్లాట్లు కొట్టి ఎవరి పట్టా వాళ్ళకు ఇయ్యాలె" అంటరు సగం మంది.

అందుకే అడుగుతున్న. ఈ స్వీడన్ వాళ్ళు ఇంత దూరం ఎందుకొచ్చిన్రు? గుడ్ టెంప్లర్ అంటే ఏంది, గుడా, మఠమా? భూమి ఉమ్మడిగా పెట్టుకొని ఇన్నేండ్లు ఎట్ల నిలబడ్డరు?

నకిరేకల్ నుంచి ఫాక్స్ వ్యాలీ:

అమ్మా, నమస్తే. మాది నకిరేకల్, పద్దెనిమిదేండ్లుగా అరోరాలో ఉంటున్న. మీకు పది నిమిషాల దూరం. ఆ పార్కుకు పిల్లల్ని చాలాసార్లు తీసుకపోయిన, తెలిసింది చెప్త.

అక్కడ పెద్ద కప్పు కింద ఒక పాత పడవ పెట్టి ఉంటది. మీరు చూసిన్రో లేదో. అది స్వీడన్‌ది కాదు, పక్కనున్న నార్వే వాళ్ళది. వెయ్యేండ్ల కిందటి వైకింగు ఓడ ఒకటి నార్వేల మట్టిల దొరికితే, దాన్ని చూసి అచ్చు అట్లనే ఇంకోటి కట్టి, 1893లో అట్లాంటిక్ సముద్రం దాటించి షికాగో ప్రపంచ ప్రదర్శనకు తెచ్చిన్రు. తర్వాత చాలా దశాబ్దాలు షికాగో లింకన్ పార్కులో ఉండి, 1990లలో ఇక్కడికి చేరింది. మా చిన్నోడు ఆ పలకలను ముట్టుకోవాలని ఏడ్చిండు.

షికాగో నగరంలో ఆండర్సన్‌విల్ అనే పేట ఉంది, వీలైతే అల్లుణ్ణి అడిగి పోయి రండి. ఒకప్పుడు ఆ క్లార్క్ వీధి అంతా స్వీడన్ వాళ్ళ దుకాణాలే. ఇప్పుడు వాళ్ళ మ్యూజియం ఉంది. దాని మీద నీళ్ళ ట్యాంకుకు స్వీడన్ జెండా రంగులు, నీలం పసుపు, వేసి పెట్టిన్రు. అక్కడినుంచి జెనీవా అరవై కిలోమీటర్లు ఉంటది, అంటే మీ దేవరకొండ నుంచి నల్లగొండ అంత. రైలు మొదటినుంచీ ఉన్నది. వారమంతా పని చేసినోళ్ళు ఆదివారం పొద్దున వచ్చి రాత్రికి ఇంటికి చేరే దూరం.

ఇంకొకటి, ఇది మీ గ్రూపుకు పనికొస్తదేమో. స్వీడిష్ డే మొదలైంది 1911లో. పార్కు భూమి కొన్నది ఆ తర్వాత, 1920లలో. అంటే పదేండ్లకు పైన సొంత జాగ లేకుండనే ఏటేటా కలిసిన్రు. ముందు కలిసే రోజు వచ్చింది, భూమి దాని వెనక వచ్చింది.

పాలమూరు చరిత్ర పంతులు:

టీచరమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నేను మహబూబ్‌నగర్‌లో చరిత్ర చెప్పినవాణ్ణి. నా చిన్నప్పుడు మా అమ్మానాయిన గుంపు మేస్త్రీ కింద ఎన్ని కట్టల మీద పనిచేశారో లెక్క లేదు. నన్ను అవ్వ దగ్గర విడిచి దసరా పోగానే వెళ్తే ఉగాదికి వచ్చేవాళ్ళు. అందుకని వలస అనే మాట ఎక్కడ కనబడినా నేను ఆగిపోతాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక పట్టండి.

స్వీడన్ ఇప్పుడు ధనిక దేశం. 150 ఏళ్ళ కింద అది కూడా ఒక పాలమూరే. దక్షిణాన స్మోలాండ్ అనే సీమ ఉంది, పొలాల్లో మట్టికన్నా రాయి ఎక్కువ. ఏరిన రాళ్ళతోనే గట్లు పెట్టుకునేవాళ్ళు. తండ్రి భూమిని కొడుకులు పంచుకుని పంచుకుని చివరికి బంగాళాదుంపల మడి మిగిలింది. 1867లో చలికి పంట రాలేదు, 1868లో ఎండకు మాడిపోయింది. అమెరికాలో అప్పటికే 1862 నాటి చట్టం ఉంది, వచ్చి సాగుచేసుకునేవాడికి 160 ఎకరాలు ఇస్తారు. ఆ భూములు అక్కడి మూలవాసుల నుంచి లాక్కున్నవన్నది కూడా మరిచిపోకూడదు. ముందు వెళ్ళినవాళ్ళు ఊరికి రాసిన ఉత్తరాలను అందరూ చుట్టూ కూర్చొని చదివించుకునేవాళ్ళు. 1850 నుంచి 1930 దాకా సుమారు 13 లక్షల మంది వెళ్ళిపోయారు. 1910లో స్వీడన్ జనాభా 55 లక్షలు, అమెరికాలో ఉన్న స్వీడన్ వాళ్ళు, అక్కడ పుట్టిన వాళ్ళ పిల్లలతో కలిపి, 14 లక్షలు. వలస కూలీలతో నిండిపోయే మన బొంబాయి బస్సులు గుర్తొస్తాయా, రావా?

భూములు అయిపోయాక వచ్చినవాళ్ళు నగరాల్లో ఆగారు. 1871లో షికాగో తగలబడింది, మళ్ళీ కట్టాలి. స్వీడన్ మగవాళ్ళు చాలామందికి కట్టెపని తెలుసు. ఆడపిల్లలు ధనవంతుల ఇళ్ళలో పనికి కుదిరారు. మీ అవ్వగారి తాత ఆ వరసలోని మనిషే అయివుంటాడు.

గుడ్ టెంప్లర్ గుడి కాదు, మఠమూ కాదు. మద్యం ముట్టనని ప్రమాణం చేసినవాళ్ళ సంఘం. 1851లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టింది. మొదటినుంచీ ఆడవాళ్ళను మగవాళ్ళతో సమానంగా చేర్చుకుంది. అమెరికా మొత్తంలో ఆడవాళ్ళకు ఓటు 1920లో గానీ రాలేదు, దాన్ని పెట్టి చూడండి. అన్నీ మంచివే చెప్పను. నల్లజాతి వాళ్ళను సమానంగా తీసుకోవాలా వద్దా అన్నదాని మీద ఈ సంఘం 1876లో నిలువునా చీలింది, 1887లో గానీ కలవలేదు.

1879లో ఇది స్వీడన్ చేరింది, గోథెన్‌బర్గ్ రేవు పట్నంలో. అక్కడ ఊరూరా పాకింది. తర్వాత ఓడలెక్కిన స్వీడన్ వాళ్ళు దాన్ని మళ్ళీ అమెరికాకే తెచ్చారు, ఈసారి తమ భాషలో. నాకు ఈ రాకపోకలు చాలా ఇష్టం. కొత్త నగరంలో పనివాడికి జీతం రోజు కనబడే వెలుతురు సారాయి దుకాణానిదే. అక్కడ వెచ్చగా ఉంటుంది, సొంత భాష వినబడుతుంది. ఈ సంఘం వాళ్ళు అదే వెచ్చదనాన్ని ఇంకో గదిలో పెట్టారు: పాట, నాటకం, పత్రికలు, పుస్తకాలు, పెళ్ళికాని పిల్లలకు ఒకరినొకరు చూసుకునే వీలు. "తాగొద్దు" అని చెప్పి చీకట్లో వదిలేయలేదు. 1902లో లుండ్ పట్నంలో ఆస్కర్ ఓల్సన్ అనే గుడ్ టెంప్లర్ చదువు బృందాలు మొదలుపెట్టాడు. నలుగురూ కలిసి పుస్తకం చదవడం, మాట్లాడుకోవడం. టీచరు ఉండడు. ఆ పద్ధతి స్వీడన్‌లో ఈనాటికీ ఉంది. మీ దేవరకొండలో 1931లో బూర్గుల రామకృష్ణారావు అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది కదా, ఆ కాలంలో మన గ్రంథాలయాల్లో కూర్చున్నవాళ్ళకు ఆ గది బాగా అర్థమయ్యేది.

ఈ సంఘంవాళ్ళు పార్కు కొన్న నాటికి అమెరికాలో మద్యనిషేధం నడుస్తోంది, 1920 నుంచి 1933 దాకా. స్వీడన్‌లో మాత్రం 1922లో జనాన్ని ఓటు అడిగితే 51కి 49తో నిషేధం ఓడిపోయింది. అప్పటికే అమల్లో ఉన్న మద్యం రేషన్ పుస్తకాల పద్ధతే 1955 వరకు సాగింది.

ఇక ఇల్లు సొంతం, భూమి ఉమ్మడి అనే పద్ధతి. ఇది వాళ్ళకు కొత్త కాదు. స్వీడన్‌లో 1895లో మాల్మో నగరంలో ఇలాంటి తోటలు మొదలయ్యాయి, తర్వాత స్టాక్‌హోమ్‌లో అన్నా లిండ్‌హాగెన్ అనే ఆమె దాని కోసం చాలా పనిచేసింది. ఊరి భూమిని చిన్న మడులుగా కార్మికులకు కౌలుకిస్తారు. కూరగాయలు పండించుకుని, మూలకు చిన్న ఇల్లు వేసుకుంటారు. ఇల్లు వాళ్ళది, నేల పట్నానిది. నేల సరుకు కాకపోతే పేదవాడికి కూడా ఆకాశం కింద ఒక కుర్చీ వేసుకునే చోటు మిగులుతుంది.

మీరు చూసిన ఆ ఎర్ర రంగుకు కూడా కథ ఉంది. ఫాలున్ అనే చోట వందల ఏళ్ళు రాగి తవ్వారు, గని 1992లో మూతపడింది. గని పక్కన కుప్పలుపడ్డ ఎర్రమట్టితో చేసే రంగు అది. చవక, కట్టెను కాపాడుతుంది. మన గడపలకు, అరుగులకు జాజు పూసినట్టే.

హాలియా సర్వేయర్:

మేడమ్, నేను సర్వే శాఖల పనిచేసి రిటైరైన. చరిత్ర నాకు తెల్వదు, భూమి సంగతి చెప్త. మీరు "సాగర్ దగ్గర" అన్నరు, అక్కడ్నే భయం. డ్యామ్ పూర్తి మట్టం 590 అడుగులు. ఎండకాలం నీళ్ళు వెనకకు పోయినప్పుడు తేలిన నేలను చూపి అమ్మేటోళ్ళుంటరు, వానకాలం అది మళ్ళ మునుగుతది. ఒకసారి మునిగినోళ్ళు రెండోసారి మునగొద్దు. చందంపేట, నేరేడుగొమ్ము దిక్కు చాలా భూమి అడివి, అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉన్నది. సర్కారు పేదలకు ఇచ్చిన అసైన్డ్ భూమి కొనొద్దు, ఎవరు ఎంత నమ్మిచ్చినా. పాత పహాణీల నుంచి ఇప్పటి పాసుబుక్కు దాక పేర్లు ఎట్ల మారుకుంట వచ్చినయో చూసినంకనే బయానా. ఇండ్లు కట్టేదుంటే నాలా మార్పిడి, అంటే సాగు భూమిని వేరే పనికి మార్చుడు, చేయించాలె.

భూమిని ముప్పై ఎనిమిది ముక్కలు చెయ్యకుండ సొసైటీ రిజిస్టర్ చేసి దాని పేర కొనుక్కోండి. నేను కొలిచిన కాడల్లా చూసిన: గుంటన్నర, రెండు గుంటల ముక్కలైతే ఐదేండ్లల్ల సగం బయటోళ్ళకు పోతది, మిగిలిన సగానికి బాట ఉండదు. ఇల్లు అమ్ముకునేటోడు ముందుగాల సంఘానికే చెప్పాలె, కొనేటోడు ఊరోడై ఉండాలె, ఏడాదికి ఇన్ని రోజులు వచ్చి అందరితోని పని చెయ్యాలె అని మొదటి కాయితంలనే రాసుకోండి. కొట్లాట అయినంక రాస్తే ఎవ్వరూ సంతకం పెట్టరు.

నిడమనూరు కోడలు:

అక్కా, మీ నాయిన సంగతి చదివి కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. రెండు ముచ్చట్లు చెప్త, కోపం చేయకండి.

ఒకటి, ఎండకాలం వద్దు. స్వీడన్‌ల చలికాలం పగలు ఆరు గంటలే ఉంటదట, అందుకే జూన్ నెల ఎండ వస్తే వాళ్ళకు పండుగ. మనకు మే నెలల సాగర్ బండల మీద 45 డిగ్రీలు. పసిపిల్లలను, ముసలోళ్ళను తీసుకొని రేకుల ఇంట్ల ఎట్ల ఉంటరు? మీకు కాలం ఉండనే ఉన్నది కద, శివరాత్రి. గట్టుకు ఎట్లనో వస్తరు. సాయంత్రం మళ్ళి పోకుండ ఒక నాలుగు రోజులు ఉండండి.

రెండోది, మా అత్తగారిది గీత పని చేసే ఇల్లు. మా మామ చెట్టు మీదికెల్లి పడి నడుము పోయినా తాటిచెట్ల మీద మమకారం పోలేదు. మీరు కూడ ఆ గుడ్ టెంప్లర్ల తీరు తాగుడు వద్దని కట్టు పెట్టుకుంటరేమో. సారా వేరు, కల్లు వేరు. మీరు అన్నీ ఒక్కటే కట్టు కింద పెడితే గౌడుల కుటుంబాలు దూరం అయితయి. మీ ఊర్ల ఉండే ఉంటరు.

ఏలేశ్వరం బిడ్డ:

అందరికీ పేరుపేరునా దండాలు. పంతులుగారూ, మీరు రాసింది మా గ్రూపుల చదివి వినిపించిన, ఇద్దరు ఫోన్ చేసి ఏడ్చిన్రు. సర్వేయర్ సార్ మాట మా తమ్ముని చెవిల వేసిన. వాడే ప్లాట్లు కొట్టాలన్నోడు. ఇంక ఒప్పుకోలేదు గానీ, "590 అడుగులు" అన్నకాడ మెత్తబడ్డడు.

చెల్లె, నీ మీద కోపమెందుకు. కల్లు సంగతి నువ్వన్నది నిజమే. మా ఊర్ల ఆరు గౌడుల ఇండ్లు ఉండె. తాటి ముంజలు మేము కొనుక్కొని తిన్నది లేదు, వాళ్ళే పంచేది. నేను సారా, విస్కీ సంగతే రాయిస్త. కల్లు సంగతి ఆ ఆరు ఇండ్లవాళ్ళను కూర్చోబెట్టి అడుగుతం, వాళ్ళు ఏమంటే అది. ఎండకాలం మాట కూడ ఇడిసినం. వచ్చే శివరాత్రికి గట్టు కాడికి పోయి వచ్చినంక నాలుగు రోజులు సాగర్ హిల్ కాలనీల గదులు కిరాయికి తీసుకొని ఉంటం. భూమి మాట మూడు శివరాత్రులు అయినంకనే.

మొన్న ఆ అవ్వ దగ్గరికి మళ్ళ పోయిన, అరిసెలు తీసుకపోయిన. ఎండకాలం మొదట్ల ఎవరు ఏ పని చెయ్యాల్నో వంతులు వేసుకుంటరట. ఆమె ఇప్పుడు ఏం చెయ్యలేదు, కానీ తన వంతు రోజు కుర్చీ వేయించుకొని అక్కడ కూర్చుంటదట. నన్ను మా ఊరి బొమ్మ గీయమన్నది. కాయితం ఇచ్చింది. గుడి గీసిన, ఏరు గీసిన, ఆ తర్వాత చెయ్యి ఆడలేదు. ఏ ఇంటి పక్కన ఏ ఇల్లో నాకు తెల్వదు.

అప్పట్నుంచి రోజూ పొద్దున, అక్కడ రాత్రి అయితది, పెద్దవూరల ఉన్న మా అమ్మకు వీడియో కాల్ చేస్తున్న. ఆమెకు ఎనభై తొమ్మిది. కండ్లు మూసుకొని గుడి కాడికెల్లి నడుచుకుంట వచ్చినట్టు చెప్తది. నేను రాసుకుంటున్న. ఇప్పటికి నలభై మూడు ఇండ్లు అయినయి. కుమ్మరి వాళ్ళ వాముదాక మంచిగ వచ్చింది. దాని తర్వాత బాయికి పోయే సందు మొదట్ల, ఇంటి ముందర రెండు వేపచెట్లు, మధ్యల రుబ్బురోలు ఉన్న ఇల్లు ఎవరిదో అమ్మకు ఎంత ఆలోచించినా యాదికొస్తలేదు. ఏలేశ్వరం వాళ్ళు, వాళ్ళ పిల్లలు ఎవరన్న ఇది చదివితే, మీ ఇంట్ల పెద్దోళ్ళను అడిగి చెప్పండి, ఆ ఇల్లు ఎవరిది?